అమ్మీజాన్ పళ్ళకి మినీ ఇంప్లాంట్ చాలా?



మన ఇళ్ళలో బుజుర్గుల కళ్ళకి ఆపరేషన్ చేయిస్తాం. మోకాళ్ళకీ చేయిస్తాం. పళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఈ ఉమర్‌లో ఎందుకులే, ఖిచ్డీ తింటున్నారుగా" అనేస్తాం. ఈ మాట నాకు నచ్చదు. నమలడం షౌక్ కాదు, జరూరత్. నమలలేని మనిషి మొదట గోష్త్ మానేస్తారు, తర్వాత జామకాయ, ఆ తర్వాత కూరగాయలు. చివరికి మెత్తటి అన్నం, చాయ్‌లో ముంచిన బన్ను మిగులుతాయి. షుగర్ ఉన్నవాళ్ళకి అదెంత నుక్సానో మీకు తెలుసు. మాట్లాడుతుంటే పళ్ళ సెట్టు జారుతుందేమోనని దావత్‌లకు రావడం కూడా మానేస్తారు.

తక్లీఫ్ ఎక్కువగా కింది సెట్టుతోనే. పై సెట్టు అంగిలినంతా కప్పి అతుక్కుని ఉంటుంది. కిందిదానికి అంత జాగా లేదు. సన్నటి చిగురు గట్టు మీద కూర్చోవాలి, లోపలి నుంచి నాలుక నెడుతూ ఉంటుంది. పైగా పళ్ళు పోయాక దవడ ఎముక ఏటికేడు అరుగుతుంది, పైదానికన్నా కిందిది ఎక్కువ.

దీనికి ఇలాజ్ ఉంది. టైటానియం ఎముకతో కలిసిపోతుందని గుర్తించిన స్వీడన్ డాక్టర్ బ్రానెమార్క్, 1965లో ఒక పేషెంట్ దవడలో ఇంప్లాంట్లు పెట్టారు. ఈరోజు మామూలు ఇంప్లాంట్ సుమారు 4 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. అది పట్టేంత ఎముక లేకపోతే ముందు ఎముక అతికించాలి. అంటే ఇంకో సర్జరీ, ఇంకొన్ని నెలల సబర్, ఇంకా ఖర్చు. డెబ్భై దాటినవాళ్ళు అక్కడే "వద్దు బేటా" అంటారు.

మినీ ఇంప్లాంట్ పనికొచ్చేది ఇక్కడే. లావు 3 మిల్లీమీటర్లలోపే. చాలాసార్లు చిగురు పెద్దగా కోయకుండానే దించుతారు. దాని తల చిన్న గోళీలా పైకి ఉంటుంది. సెట్టు లోపల రబ్బరు రింగు పెడతారు. టిచ్ బటన్ పడినట్టు సెట్టు దాని మీద పడుతుంది. కింది దవడకి మామూలుగా నాలుగు వేస్తారు. ఎముక సన్నబడిన బుజుర్గులకు ఇది నిజమైన ఫాయిదా అని నా అభిప్రాయం.

కానీ "పెద్ద ఇంప్లాంట్ పని సగం ధరకే" అన్న ఇష్తెహార్ చూసి పరుగెత్తకండి. సన్నటి మేకు సన్నటి మేకే. ఎక్కువ బరువు పడితే విరగొచ్చు. బలంగా నమిలే దవడ పన్ను ఒక్కటే పోతే, దాని జాగాలో ఒక్క మినీ పెట్టించుకోవడం మంచి సౌదా కాదు. పై దవడ ఎముక మెత్తన, అక్కడ ఇవి ఊడిపోయే ఖత్రా ఎక్కువ. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవాళ్ళూ ఆలోచించుకోవాలి.

ఇంకో హకీకత్ కూడా చాలామంది చెప్పరు. పోటీ మినీకీ, నోటినిండా ఇంప్లాంట్లకీ మధ్య కాదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు, కింది పళ్ళన్నీ పోయినవాళ్ళకి రెండు మామూలు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టునే మొదటి ఎంపికగా ఇవ్వాలన్నారు. ఎముక చాలినంత ఉంటే ముందు దాని ధర అడగండి. అంతకన్నా ముందు, పాత సెట్టు లోపలివైపు కొత్తగా సరిచేస్తే బిగుస్తుందా అని అడగండి. కొందరికి అదే చాలు.

డాక్టర్ దగ్గర మొహమాటం వద్దు. స్కాన్ తీసి ఎముక చూశారా? ఒకటి విరిగితే ఏం చేస్తారు, ఆ ఖర్చు ఎవరిది? రబ్బరు రింగులు అరిగిపోతాయి, మార్చడానికి ఎంత? ఇవన్నీ ముందే తేల్చుకోండి. మీరూ దాచకండి: షుగర్ కంట్రోల్‌లో ఉందా, సిగరెట్, గుట్కా ఉన్నాయా, ఎముకల బలానికి, రక్తం పల్చబడటానికి ఏ మందులు వాడుతున్నారు, అన్నీ చెప్పండి. ఏ మందూ సొంతంగా ఆపకండి. మినీ వేయించుకున్నా సెట్టు రోజూ తీసి కడగాల్సిందే.

ఒక్క అర్జీ. ఈ ఫైసలా కొడుకులు, అల్లుళ్ళు కూర్చుని చేసేది కాదు. నోరు అమ్మీజాన్‌ది. ఏం తినలేకపోతున్నారో, ఎంత సర్జరీ ఓర్చుకోగలరో ముందు ఆమెనే అడగండి. "నాకేం వద్దు" అని జవాబొస్తే, అది ఇష్టం లేకనా, మన జేబు చూసి అంటున్నారా అని ఇంకోసారి అడగండి.