దావ కాదు నాయనా, గెనిమ!

ఆఫ్ రోడింగ్ అనగానే మన ఆఫీసుల్లో లడఖ్, రాజస్థాన్ అంటూ మొదలెడతారు. మాది హిందూపురం. వాన మొహం ఎరగని నేల, మూతబడ్డ బంగారు గనులు పక్కనే ఉండగా అంత దూరం దేనికని మొన్నొక ఆదివారం నలుగురం జీపులో రామగిరి బయల్దేరాం.

పెనుకొండ దాటి, 44వ నంబరు జాతీయ రహదారి మీద కొంత దూరం పోయి, ధర్మవరం కుడివైపు ఉండగానే ఎడమకు తిరిగితే గాలిమరల కొండలు కనిపిస్తాయి. రామగిరి అక్కడే. ఇంగ్లీషువాళ్ళు తవ్వుకున్నన్నాళ్ళు తవ్వి 1927లో వదిలేశారు. 1980లలో భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళు మళ్ళీ మొదలెట్టి, 2001లో మూసేశారు. కోలారు గనులు మూతబడ్డదీ ఆ ఏడే.

ఎటు చూసినా ఖాళీ నేలే కదా అని బండి కిందికి దింపేశాం. ఓ మట్టి దిబ్బ ఎక్కి దూకించేసరికి వెనకనుంచి ఓ పెద్దాయన కేక.

"అది దావ కాదు నాయనా, గెనిమ!"

గెనిమ అంటే మా సీమలో పొలం గట్టు. వాన పడితే శెనక్కాయ వేద్దామని ఉంచుకున్న చేను అది. గట్టు తెగితే మొదటి వానకి నీళ్ళూ పోతాయి, మెత్తటి మట్టీ పోతుంది. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పార అడిగి తీసుకుని, అరగంట మట్టి ఎత్తి పూడ్చాం. వెళ్ళేటప్పుడు ఆయనే హెచ్చరించాడు, పాత గుంతల దగ్గరికి పోవద్దని. నిజమే, పాత గనుల అంచులు ఎప్పుడు విరిగిపడతాయో తెలీదు, లోపల ఊపిరాడే గాలి ఉంటుందనే నమ్మకమూ లేదు. గనులు దూరం నుంచే చూసి వచ్చేశాం.

ఎవరూ వాడట్లేదు కదా అని పాత కోడ్ తీసేసి, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయాక తలపట్టుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. ఇదీ అంతే. మనకు తెలియనిదల్లా ఖాళీ కాదు. కోడ్‌కైతే బ్యాకప్ ఉంటుంది, కొట్టుకుపోయిన మట్టికి ఉండదు.

వెళ్ళొద్దని అనను. ఉన్న బండిబాట మీదే వెళ్ళండి, బాట లేనిచోట దిగి నడవండి, ఊళ్ళో ఒక్కరినైనా అడగండి. అంతమాత్రానికే సాహసం తగ్గిపోతుందా? నా మటుకు నాకు తగ్గదనే అనిపిస్తోంది. మీరేమంటారు?