జైలు ఫిర్యాదుకు దారేది?

2023 అక్టోబరులో రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు నుంచి విజయవాడ ఏసీబీ కోర్టుకు మూడు పేజీల ఉత్తరం వచ్చింది. రాసింది ఖైదీ నెంబరు 7691, అప్పటికి మాజీ ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబు నాయుడు. తాను జైలులోకి వస్తున్నప్పుడు తీసిన వీడియో బయటికి పొక్కిందనీ, జైలు మీదుగా డ్రోన్ ఎగిరిందనీ, తన ప్రాణానికి ముప్పు ఉందనీ ఆయన ఫిర్యాదు. భద్రతకు లోటేమీ లేదని అధికారులు జవాబిచ్చారు. వారిలో ఎవరిది నిజమన్న తగవులోకి నేను పోను. ఆ ఉత్తరం ఎలా పుట్టిందన్నదే నాకు కావాలి. రిమాండ్ పొడిగింపు కోసం వీడియోలో హాజరుపరిచినప్పుడు ఆయన తన భద్రత మీద అనుమానాలున్నాయన్నారు. ఉన్నదేదో రాసి ఇవ్వమన్నారు న్యాయమూర్తి. ఆయన రాశారు. అంతకు కొద్ది రోజుల ముందే, ఉక్కపోతకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయని వైద్యులు చెబితే, వారి సలహా ప్రకారం గదిలో ఏసీ పెట్టమని అదే కోర్టు ఆదేశించింది.

తర్వాత ప్రభుత్వం మారింది. 2025లో గన్నవరం మాజీ ఎమ్మెల్యే వల్లభనేని వంశీ విజయవాడ గాంధీనగర్‌లోని జిల్లా జైలుకు వెళ్లారు. నడుం నొప్పి ఉంది, పరుపు కావాలి, ఇంటి భోజనం కావాలి అని కోర్టును అడిగారు. తనను ఒంటరిగా ఉంచారని కూడా న్యాయమూర్తికి చెప్పుకున్నారు. ఆయన మాట కూడా కోర్టు విన్నది. వినాలి కూడా. పెద్దవాళ్లకు జైలులో సుఖాలా అని చిరాకుపడేవారు చాలామంది ఉన్నారు. నాకు ఆ చిరాకు లేదు. బెయిలు రాని మనిషికి పరుపు ఇచ్చినంత మాత్రాన శిక్ష తగ్గినట్టు కాదు, ఎందుకంటే అప్పటికి అతనికి ఏ శిక్షా పడలేదు.

నా బాధంతా అదే జైలులో పక్క బ్యారక్‌లో ఉన్నవాడి గురించి. బండి దొంగతనం కేసులో వచ్చిన ఒక ఆటోనగర్ కుర్రాడు ఉన్నాడనుకోండి. గట్టు తగాదాలో కొట్లాడి వచ్చిన దివిసీమ కౌలురైతు ఒకడు ఉన్నాడనుకోండి. కుర్రాడికి ఒళ్లంతా గజ్జి. రైతుకు షుగరు, వేళకు మందు అందదు. ఇద్దరూ ఎవరితో చెప్పుకోవాలి? ముందు వార్డర్‌తో. వార్డర్ హెడ్ వార్డర్‌కు చెప్పాలి, ఆయన జైలర్‌కు, జైలర్ సూపరింటెండెంట్‌కు. ఫిర్యాదు వార్డర్ మీదే అయితే? ఎంతోకాలంగా మన జైళ్లకు మూలం 1894 నాటి ప్రిజన్స్ చట్టం. లోపల జరిగే తప్పులకు విచారణ చేసేదీ, శిక్ష వేసేదీ దాని ప్రకారం సూపరింటెండెంటే. ఎవరి మీద చెప్పుకోవాలో వారి చేతి కిందే పొద్దున లేవాలి, రాత్రి పడుకోవాలి. నోరు మూసుకోవడాన్ని పిరికితనమని నేను అనలేను.

దేశంలో 2022 చివర 5,73,220 మంది జైళ్లలో ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. వీరికి న్యాయమూర్తి ముఖం కనపడేది రిమాండ్ పొడిగించే వాయిదాకు. ఒకప్పుడు పోలీసు వ్యానులో కోర్టుకు తీసుకువెళ్లేవారు. ఆ ప్రయాణంలో బేడీలున్నా, ఎండలో నిలబెట్టినా, కోర్టు వరండాలో అమ్మ కనపడేది, వకీలు చెవిలో ఒక మాట వేయడానికి వీలుండేది. ఇప్పుడు తెర ముందు నిలబెడుతున్నారు. ఖర్చు తగ్గింది, ఎస్కార్టు పోలీసుల కొరత ఇబ్బంది పెట్టడం లేదు. మంచిదే. అయితే ఆ తెర ఉన్న గది జైలులోనే ఉంది. ‘ఏమైనా ఇబ్బందులున్నాయా?’ అని న్యాయమూర్తి అడిగినప్పుడు పక్కనే జైలు సిబ్బంది ఉంటారు. మాజీ ముఖ్యమంత్రి అయితే ఉన్నాయంటారు. ఆటోనగర్ కుర్రాడు లేవంటాడు. లేవని రికార్డవుతుంది.

ఈ కష్టం సుప్రీంకోర్టుకు ఏనాడో తెలుసు. తీహార్ జైలులో ఉరిశిక్ష పడిన సునీల్ బాత్రా అనే ఖైదీ, మరో ఖైదీని హెడ్ వార్డర్ ఘోరంగా హింసించాడని కోర్టుకు ఉత్తరం రాశాడు. చూడటానికి వచ్చిన బంధువుల దగ్గర డబ్బు గుంజడానికే ఆ హింస అన్నది ఆరోపణ. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరు 20న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాస్తూ, ప్రతి జైలులో ఖైదీలందరికీ అందుబాటులో ఫిర్యాదుల పెట్టె ఉండాలన్నారు. ఆ పెట్టె జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జిల ఆదేశాల కింద ఉండాలి, తరచూ తెరవాలి, అందులో పడిన కాగితం మీద చర్య తీసుకోవాలి. జడ్జి స్వయంగా జైలుకు వెళ్లి గానీ, ప్రతినిధిని పంపి గానీ ఖైదీలు మనసు విప్పి చెప్పుకునే వీలు కల్పించాలి.

మన రాష్ట్రం నుంచి అంతకు ముందే ఒక కేసు వెళ్లింది. విశాఖపట్నం సెంట్రల్ జైలు గోడ మీద కరెంటు తీగ పెట్టడాన్ని అక్కడి నక్సలైటు ఖైదీలు సవాలు చేశారు. నేరం రుజువైనంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లో ఆ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. హక్కుల గురించి కోర్టులు చెప్పాల్సిందంతా చెప్పేశాయి. హక్కు ఉన్నవాడి కాగితం గోడ దాటి రావడమే మిగిలింది.

ఇక్కడే మన ఉమ్మడి కృష్ణా జిల్లా మనిషి చేసిన ఒక మంచి పని గుర్తుకొస్తుంది. 2021లో ఆగ్రా జైలులో బెయిలు వచ్చిన ఖైదీలు కూడా, ఉత్తర్వు కాపీ పోస్టులో చేరలేదని లోపలే ఉండిపోయారు. నందిగామ దగ్గరి పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ అప్పుడు ప్రధాన న్యాయమూర్తి. ఈ కాలంలోనూ ఉత్తర్వుల కోసం ఆకాశంలో పావురాల వైపు చూస్తున్నామని ఆయన బాధపడ్డారు. బాధపడి ఊరుకోలేదు. 2022 మార్చి 31న ఫాస్టర్ అనే ఎలక్ట్రానిక్ విధానం మొదలైంది. సుప్రీంకోర్టు ఉత్తర్వు డిజిటల్ సంతకంతో నేరుగా జైలుకు చేరుతుంది. కోర్టు మాట జైలులోకి వెళ్లడానికి తీగ వేసుకున్నాం. ఖైదీ మాట కోర్టుకు రావడానికి కూడా అదే తీగ పనికొస్తుంది. మరి ఎందుకు వాడం? రిమాండ్ పొడిగింపుకు వాడే ఆ కెమెరా ముందే, నెలకొకసారి, సిబ్బందిని గది బయట ఉంచి, జడ్జి ఖైదీలతో విడివిడిగా మాట్లాడవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అమరావతిలోని హైకోర్టు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

ఫిర్యాదు చేరితే ఏం మారుతుందని అడిగేవారికి గుంటూరు సంగతి చెబుతాను. 2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ అరెస్టు చేసి గుంటూరులో కోర్టు ముందు నిలబెట్టింది. రాత్రి తనను కొట్టారని ఆయన అక్కడికక్కడే ఫిర్యాదు చేశారు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి నివేదిక గాయాలు లేవంది. సుప్రీంకోర్టు ఆదేశంతో సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రి వైద్యులు పరీక్షించి, కాలి వేలి ఎముక విరిగిందని తేల్చారు. ఫిర్యాదు ఆ రోజే రికార్డులోకి ఎక్కింది కాబట్టి ఆ రెండో పరీక్ష జరిగింది. వారం ఆగి ఉంటే వాపు తగ్గేది, మాట నిలిచేది కాదు.

ఫిర్యాదును ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో కోవెలకుంట్ల చెబుతుంది. 1977 మేలో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కొడుకు రామకృష్ణారెడ్డి అక్కడి సబ్ జైలులో ఏడో నెంబరు గదిలో ఉన్నారు. తమకు ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నామన్నది వారి కుటుంబం వాదన. 5వ తేదీ రాత్రి దాటాక, తెల్లవారుజామున మూడున్నరకు కొందరు జైలు ఆవరణలోకి చొరబడి ఆ గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి కర్నూలు ఆసుపత్రిలో చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. నష్టపరిహారం అడిగితే, సార్వభౌమాధికారం కింద చేసే పనులకు తమ మీద దావా వేయడం కుదరదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 ఏప్రిల్‌లో, అంటే 23 ఏళ్లకు, అక్కడా ఓడిపోయింది. జైలులో ఉన్న మనిషి ప్రాణానికి ప్రభుత్వమే పూచీ అన్నది ఆ తీర్పుతో స్థిరపడింది. రక్షణ కావాలన్న మొరకు ఆ రోజే ఎవరో ఒకరు జవాబు రాసి ఉంటే ఆ కుటుంబం ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు.

తెలుగువాడే అయిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబాను కూడా తలుచుకోకుండా ఉండలేను. అమలాపురం దగ్గర పుట్టి, చక్రాల కుర్చీలోనే బతికిన మనిషి. నాగపూర్ జైలులో మరుగుదొడ్డి, స్నానం కూడా కనపడేలా కెమెరా పెట్టారని ఫిర్యాదు చేసి, 2022 మేలో నిరాహార దీక్షకు దిగాల్సి వచ్చింది. 2024 మార్చిలో నిర్దోషిగా బయటికి వచ్చి, ఆ అక్టోబరులో హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. కడుపు మాడ్చుకుంటే తప్ప కాగితం కదలదనుకునే స్థితికి ఏ మనిషినీ నెట్టకూడదు.

నేను అడిగేవి పెద్ద పనులు కావు. ఫిర్యాదుల పెట్టె తాళం జైలు మనిషి చేతిలో ఉండకూడదు. ఇచ్చిన ప్రతి ఫిర్యాదుకు నెంబరు వేసిన రశీదు ఇవ్వాలి, దాని నకలు ములాఖత్‌కు వచ్చిన ఇంటివాళ్లకు అందాలి. నెలలో ఎన్ని వచ్చాయో, ఎన్ని తేలాయో జైలు గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఫిర్యాదు చేసిన ఖైదీని తర్వాతి మూడు నెలల్లో వేరే గదికో, వేరే జైలుకో మారిస్తే కారణం జడ్జికి రాసి పంపాలి. చదువు రానివాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రాసిపెట్టే మనిషి జైలు ఉద్యోగి కాకుండా న్యాయసేవాధికార సంస్థ పంపినవాడు కావాలి.

అందాకా, గాంధీనగర్ జైలు గేటు ముందు ములాఖత్ కోసం నిలబడే అమ్మలకూ అక్కలకూ ఒక మాట. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. 15100కు ఫోన్ చేసి అడగండి. మీవాడు చెప్పిన కష్టాన్ని తేదీతో సహా తెలుగులోనే ఒక కాగితం మీద రాయండి. ఒక ప్రతి కేసు నడుస్తున్న కోర్టుకు, ఒకటి మచిలీపట్నంలోని జిల్లా జడ్జికి, ఒకటి కర్నూలులోని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. రశీదులు పారేయకండి. తర్వాతి వాయిదాకు వకీలు చేతికి ఆ రశీదుల జిరాక్సు ఇచ్చి, తెర మీద మీవాడి పేరు పిలవగానే జడ్జిగారి ముందు పెట్టమనండి.