తీగలు లేని గిటారు

విన్నిపెగ్ నగరమున శీతకాలపు ఉష్ణోగ్రత సున్నకు 30 డిగ్రీల దిగువకు జారి, పిల్లలకు వీధి మొగము చూచు వీలే లేకుండు దినములలో, మన తెలుగువారి యిండ్ల బేస్‌మెంట్లనుండి టకటకమను చప్పుడొకటి ఎడతెగక వినవచ్చుట కలదు. అది ప్లాస్టిక్ గిటారు చేయు చప్పుడు. పైన పోపు వేయుచున్న తల్లి "ఒరేయ్, ఆ డబ్బా కట్టిపెట్టి లెక్కలు చేసుకో" అని కేక వేయును; తండ్రి తల ఊపును; అంతటితో కేసు తేలిపోవును. నిందితుని వాదము వినకయే వెలువడిన ఈ తీర్పుతో నేను ఏకీభవింపజాలను.

2005లో హార్మోనిక్స్ సంస్థ నిర్మింపగా రెడ్‌ఆక్టేన్ వారు వెలువరించిన 'గిటార్ హీరో' అను వీడియో ఆటతో ఈ ప్లాస్టిక్ గిటారు క్రీడకు లోకమంతట ప్రచారము కలిగినది. 2007లో అదే హార్మోనిక్స్ వారి 'రాక్ బ్యాండ్' డ్రమ్ములను, మైకును గూడ చేర్చుకొన్నది. గిటారుకు తీగలు లేవు. మెడమీద ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలము, నారింజ రంగుల బొత్తాములు ఐదు. తీగలు మీటవలసిన చోట పైకి క్రిందికి కదలు పట్టీ యొకటి. తెరపై రంగుబిళ్ళ జారివచ్చి గీతను తాకు క్షణముననే ఆ రంగు బొత్తామును అదిమిపట్టి పట్టీని మీటవలెను. తప్పినచో పాటలోని గిటారు మాత్రము మూగవోవును, తక్కిన వాద్యములు సాగుచునేయుండును. తప్పులు మితిమీరినచో తెరమీది జనము ఈసడింతురు, పాట నిలిచిపోవును.

ఆ మూగవోవుటలోనే విద్య యున్నదని నా నమ్మకము. నూరుసార్లు విన్న పాటలో గిటారు ఏమి చేయుచున్నదో ఎరుగని బాలుడు, అది లేని వెలితి చెవికి తగిలినపుడు గాని దానిని గుర్తింపడు. ఇక లయ మాట. టీవీ బొమ్మను చూపుటలో మిల్లీసెకన్ల జాగు చేయుచుండును గనుక, ఆటకు ముందు బొమ్మను, చప్పుడును, చేతిని సరిచూచు పరీక్షయొకటి కలదు. దానిని గమనించిన సంగీతజ్ఞునికి, పాట ఎత్తుగడ తాళముతో కలియుటను, దానికి ముందువెనుకలగుటను తెలుపు సమ, అతీత, అనాగత గ్రహములు స్ఫురింపక మానవు. (మా యింటి టీవీకి సమము కుదిరిన దినము లేదు.) సరళీవరుసల నాడే పిల్లలచేత తొడమీద ఆదితాళపు ఎనిమిది క్రియలు వేయించు మనము, లయను చేతికి నేర్పు ఆటను చీడగా తలచుట వింత గాదా?

అయినను ఈ వాద్యమునకొక లోపమున్నది. దానిని చూపుటకు విన్నిపెగ్‌ను మించిన సాక్షి లేదు. ఈ ఊరి 'ది గెస్ హూ' బృందము వారి 'అమెరికన్ వుమన్' 1970లో అమెరికా బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానము నందినది. కెనడా రాక్ బృందమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. గిటారిస్టు రాండీ బ్యాక్‌మన్ పలుమార్లు చెప్పిన వృత్తాంతము ప్రకారము, ఒంటేరియోలోని కర్లింగ్ రింకులో కచేరీ జరుగుచుండగా ఆయన గిటారు తీగ తెగినది. క్రొత్త తీగ తగిలించి వేదికమీదనే శ్రుతి చేసికొనుచుండగా, ఆ సవరింపులనుండియే పాటకు ప్రాణమైన వరుస పుట్టినది. తోడివారు దానినందుకొనగా గాయకుడు బర్టన్ కమింగ్స్ అప్పటికప్పుడు మాటలు కట్టి పాడినాడు. ఆ పాటయే 2008లో 'రాక్ బ్యాండ్ 2'లో చేరినది. నేడు దానిని పొల్లుపోకుండ మీటిన పిల్లవానికి మార్కులు కుప్పలుగా పడును. ఆ రాత్రి ఈ ఆట నియమములే చెల్లియుండినచో, వరుస దొరకుటకు మున్నే జనము ఈసడించి బ్యాక్‌మన్‌ను దింపివేసియుందురు. తెగుటకు తీగయే లేని వాద్యమున అట్టి ప్రమాదము సంభవింపదు. అప్పటికప్పుడు కల్పించు మనోధర్మమునకు చోటును లేదు.

కావున నా పేచీ ఆటతో గాదు, పిల్లవాడు దానితోనే ఆగిపోవుటతో. వానిని అచ్చట ఆపుచున్నది ఎవరు? చెవి తెరచుకొని, చేయి లయకు లొంగి, "నాన్నా, నాకు నిజం గిటారు కావాలి" అని వాడు అడిగిననాడు, "ముందు పరీక్షలు కానీ" అని దాటవేయు తండ్రికి, ఆ ప్లాస్టిక్ గిటారును తప్పుపట్టు అధికారము ఎక్కడిది?