చిత్రశాలలో తొందర తగదు

కొన్ని యేండ్ల క్రిందట చిత్రలేఖనపు గంటలో నొక బాలుడు చెట్టు ఆకులకు నీలిరంగు పూసి మాకు చూపెను. "చెట్టెక్కడనైనను నీలముగా నుండునా?" యని మేము కసరితిమి. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు మరల మాయెదుట కుంచె పట్టలేదు. తప్పు మాదేయని తెలిసికొనుటకు మేము ఢిల్లీదాక పోవలసివచ్చెను.

అచ్చటి జాతీయ ఆధునిక చిత్రశాల 1954వ సంవత్సరమున జయపూర్ హౌస్ అను భవనమున నెలకొల్పబడినది. నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దానిని ప్రారంభించిరి. ఆవరణమున దేవీప్రసాద్ రాయ్ చౌధురిగారి శ్రమవిజయ శిల్పము కలదు. నలుగురు కష్టజీవులు పెద్దబండను కదలించుచుందురు. చెన్నపట్టణపు సముద్రతీరమున 1959లో నిలిపిన శిల్పమును చూచినవారు దీనిని వెంటనే గుర్తింపగలరు.

లోపల మేమును పలువురివలెనే గదులవెంట వడివడిగా నడచితిమి. అమృతా షేర్‌గిల్ 1935లో చిత్రించిన "ముగ్గురు బాలికలు" అను పటమునొద్ద మాత్రము కాళ్లు నిలిచిపోయెను. ముగ్గురు పడుచులు ప్రక్కప్రక్కనే కూర్చుండియు నొకరితో నొకరు పలుకరు. కథ లేదు, ఆడంబరము లేదు. అయినను తమ బ్రదుకు తమ చేతిలో లేనివారి మౌనము ఆ ముఖములయందు మాకు కానవచ్చెను. ఇది పరుగెత్తువానికి దొరకునది కాదు.

పిమ్మట యామినీరాయ్ గారి పటములు చూచితిమి. కండ్లు చేపలవలె నిడుదగా నుండును, నీడలు లేవు, రంగులు కొలదియే. "ఇట్లు మా పిల్లలును గీయుదురు" అని పెదవి విరచువారు కలరు. కాని 1887లో జన్మించిన ఆయన కలకత్తా కళాపాఠశాలలో పాశ్చాత్యపద్ధతిని చక్కగా నేర్చినవారు. ఉన్నదున్నట్లు వ్రాయు నేర్పుండియు దానిని విడిచి, వంగదేశపు పల్లెచిత్రకారుల గీతను చేపట్టి, మట్టిరంగులతో, మసితో చిత్రించిరి. అది చేతగానితనము కాదు, కోరి యెన్నుకొన్న మార్గము.

చేతికివచ్చిన గీతలన్నియు కళయేయని మేము వాదించుట లేదు. యామినీరాయ్ గారును ముందు నేర్చిరి, తరువాత విడిచిరి. కావున అభ్యాసము వలయును. అయితే తీర్పు చెప్పుటకుముందు ప్రశ్నించుటయు వలయును.

విద్యార్థులారా! చిత్రశాలకు పోయినపుడు నూరు పటములు చూడకుడు. ఒక్కదానియెదుట కాలుగంట నిలువుడు. నాకేమి కనబడుచున్నది? చిత్రకారుడు దేనిని విడిచెను? ఏల విడిచెను? ఈ మూడును మిమ్ము మీరే యడుగుడు. ఢిల్లీ దూరమనువారికి రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి చిత్రశాల యున్నది. 1897లో పుట్టి 1925లోనే గతించిన ఆ తెలుగువాని చేతిపని అచ్చట చూడనగును.

తలిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును మా మనవి యొక్కటి. పరీక్షలు వచ్చినవని చిత్రలేఖనపు గంటను గణితమున కీయకుడు. చూచుట నేర్వని బాలుడు చదివినదానినిగూడ పైపైననే చదువును.

ఆ బాలునితో ఆనాడు మేము "ఈ నీలమేల, నాయనా?" యని యడిగి, వాడు చెప్పునది వినియుండవలసినది. ఇక మా తరగతిలో ఆ ప్రశ్నయే ముందు వచ్చును.