ఎర్ర కాలిపర్ల మోజు

మా టీమ్‌లో ఒకడున్నాడు. కోడ్‌లో ఒక్క లైను మార్చాలన్నా పదిసార్లు రివ్యూ చేయించే రకం. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ మీద చెయ్యి వెయ్యమంటే దణ్ణం పెట్టి పారిపోతాడు. అలాంటి వాడు మొన్న ఒక అట్టపెట్టె మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే ఎర్రగా నిగనిగలాడే రెండు బ్రేక్ కాలిపర్లు, చిల్లులు పొడిచిన రెండు పెద్ద డిస్కులు. "ఆదివారం బిగించేద్దాం మామా, నువ్వూ రా. వచ్చే వారం అమ్మానాన్నల్ని శ్రీశైలం తీసుకెళ్ళాలి" అన్నాడు.

మరి టెస్టింగ్ ఎక్కడ చేస్తావురా అంటే, "ఘాట్‌లోనే" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వాడిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోలో జీటీ టీఎస్ఐ. కంపెనీ ఇచ్చింది 105 హార్స్ పవర్. ఈసీయూ రీమ్యాప్ చేయించి 130 దాటించానంటాడు. బండి పరుగు పెరిగింది కాబట్టి బ్రేకులూ పెరగాలి కదా అని వాడి లాజిక్. వినడానికి బాగానే ఉంటుంది. సగం నిజం కూడా. మనుషులతో కలిపి 1250 కిలోల బండి 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 480 కిలోజౌళ్ళు. అదే 140లో అయితే 945. వేగం నలభై శాతం పెరిగితే వేడి దాదాపు రెట్టింపు. ఇంటర్‌లో మనమంతా బట్టీ పట్టిన సూత్రమే, ఎంసెట్ అయిపోగానే మర్చిపోయాం, అంతే.

మిగతా సగం దగ్గరే చిక్కు. బండిని ఆపేది కాలిపర్ కాదండీ, టైరు. మీ పాత బ్రేకుల్ని గట్టిగా తొక్కితే ఏబీఎస్ టకటకమని కొట్టుకుంటోందా? అంటే చక్రాన్ని లాక్ చేసేంత బలం ఆ బ్రేకులకి ఆల్రెడీ ఉందన్నమాట. ఇక ఆగే దూరాన్ని తేల్చేది టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టు. 100 వేగంలో, చాలా మంచి పట్టు ఉంటే సుమారు 39 మీటర్లలో ఆగుతుంది. పట్టు 0.8కి పడిపోతే 49. లక్ష రూపాయల కిట్ పెట్టినా అరిగిన టైర్లతో ఈ పది మీటర్లు తిరిగి రావు. పెద్ద డిస్కు ఇచ్చేది వేడిని తట్టుకునే ఓపిక. మళ్ళీ మళ్ళీ బ్రేకు వేసినా నీరసపడకపోవడం. రేస్ ట్రాక్ మీద అది బంగారం. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో దాని అవసరమేంటో నాకైతే అర్థం కాదు.

పైగా ఆ బండికి వెనక డ్రమ్ములే. ముందు బ్రేకుల బలం మాత్రం పెంచితే ముందు టైర్లు తొందరగా చేతులెత్తేస్తాయి, వెనక టైర్లలో ఉన్న పట్టు వాడుకోకుండా మిగిలిపోతుంది. డబ్బులు పోసి ఆగే దూరాన్ని పెంచుకోవడం అంటే ఇదే. కొత్త కాలిపర్ పిస్టన్ల వైశాల్యం పెరిగితే పాత మాస్టర్ సిలిండరే ఎక్కువ ద్రవాన్ని నెట్టాలి, పెడల్ కిందకి దిగుతుంది. తగ్గితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇక ఏబీఎస్. బాష్ వాళ్ళు 1978లో దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. ఇప్పటికీ స్వీడన్‌లో ఆర్యెప్లోగ్ దగ్గర గడ్డకట్టిన సరస్సుల మీద బళ్ళు తిప్పి తిప్పి ఇలాంటి సిస్టమ్స్‌ని ట్యూన్ చేస్తారు. ఏ డిస్కు, ఏ కాలిపర్, ఎంత ఒత్తిడికి ఎంత బ్రేకు అన్న లెక్క మీదే ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. మనవాడు ఆదివారం మధ్యాహ్నం హార్డ్‌వేర్ మార్చేసి, సాఫ్ట్‌వేర్ దానంతటదే సర్దుకుంటుందిలే అంటున్నాడు. ఆఫీసులో ఎవరైనా ఇదే మాట అంటే వీడే కొట్టేవాడు :)

నీతులు చెప్పడానికి నేనేం శ్రీరామచంద్రుణ్ణి కాదు. రెండేళ్ళ క్రితం నా బండికి ఒక గ్యారేజీలో "ట్రాక్ ప్యాడ్లు" వేయించుకున్నాను. వేడెక్కితేనే పట్టుకునే రకం అవి. ఆ ముక్క వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే, తడి రోడ్డు, మొదటి సిగ్నల్. పెడల్ తొక్కాను. గట్టిగానే ఉంది, కానీ బండి ఆగట్లేదు. కాలి బలమంతా పెట్టి తొక్కితే స్కూలు పిల్లలున్న ఆటో వెనక జానెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో కూర్చున్న పాప నాకు టాటా చెప్పింది. ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. ఆ సాయంత్రమే కంపెనీ ప్యాడ్లు వేయించేశాను.

మరి ఏమీ మార్చకూడదా? మార్చండి. ముందు మంచి టైర్లు. తర్వాత ఎవ్వరూ పట్టించుకోని బ్రేక్ ఆయిల్. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అదే 155. దోమలపెంట దాటి డ్యామ్ దాకా దిగే ఘాట్‌లో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే పాత ఆయిల్ మరిగి ఆవిరైపోతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకి తగులుతుంది, బ్రేకు మాత్రం పడదు. కొన్ని వందల రూపాయల ఆయిల్, సెకండ్ గేరు చేసే పని అది. ఎర్ర కాలిపర్ చెయ్యలేదు. ప్యాడ్లు కొంటే పెట్టె మీద ఆర్90 గుర్తు చూడండి. యూరప్ ప్రమాణం అది, ఒరిజినల్ ప్యాడ్ల పనితీరుకి 15 శాతం లోపు తేడాలో ఉండాలంటుంది.

నిజంగా ట్రాక్ డేలకి వెళ్ళేవాళ్ళు పెద్ద కిట్ పెట్టుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మీ మోడల్ కోసమే లెక్కేసి, ముందూ వెనకా సరిచూసి తయారుచేసింది అయ్యుండాలి. బిగించాక చక్రం లోపల అతికించిన బ్యాలెన్సింగ్ ముక్కలు కాలిపర్‌కి రాసుకోకుండా చూసుకోవాలి. గాలి తీయాలి, ప్యాడ్లని డిస్కులకి అలవాటు చెయ్యాలి. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పాలి, లేకపోతే క్లెయిమ్ రోజున వాళ్ళే మనకి చెబుతారు. ఇక మామూలు కాలిపర్ మీద బ్రెంబో అని రాసున్న ఎర్ర ప్లాస్టిక్ మూత తగిలించుకునే వాళ్ళ గురించి ఏం మాట్లాడను!

ఇదంతా మావాడికి టీ తాగుతూ చెప్పాను. "ఆ పెట్టె మీద ఏ బండికో ఎక్కడ రాసుందో చూపించు" అన్నాను. అటూ ఇటూ తిప్పాడు. "యూనివర్సల్" అని రాసుంది. కాసేపు ఏం మాట్లాడలేదు. "రిటర్న్‌కి ఇంకా నాలుగు రోజులుంది" అన్నాడు చివరికి.

ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను, కిట్ బిగించడానికైతే కాదు. ఒక లీటరు డాట్ 4 డబ్బా తీసుకురమ్మన్నాడు.