ఫెలోషిప్ ఆలస్యానికి జరిమానా మేం కట్టాలా?

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అద్దె గది, 4 నెలలుగా రాని ఫెలోషిప్. ఇంతలో మా బ్యాంకు కనీస నిల్వ పరిమితి పెంచి, నిల్వ లేదని జరిమానా కోసుకుంది. బ్రాంచ్‌కి వెళ్తే ఫిర్యాదుల కౌంటరే ఎత్తేశారు. యాప్‌లో పెట్టుకోమన్నారు. అందులో నా సమస్యకి గడి లేదు.

"ఇంటి నుంచి తెప్పించుకుని వేసుకోవచ్చుగా" అన్నారు మేనేజర్. మా ఇంటికి నేనే పంపాలి సార్! ఇంటి నుంచి తెచ్చుకోగలిగిన వాళ్లే విద్యార్థులని ఈ బ్యాంకుల లెక్క.

రిజర్వ్ బ్యాంక్ 2014లో ఇచ్చిన ఆదేశం 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నిల్వ తగ్గితే ఖాతాదారుకి ముందు తెలపాలి, కనీసం నెల గడువివ్వాలి, జరిమానాతో ఖాతా మైనస్‌లోకి పోకూడదు. నాకు ఒక్క మెసేజీ రాలేదు. స్టేట్ బ్యాంక్ 2020లో, కెనరా బ్యాంక్ 2025లో పొదుపు ఖాతాలపై ఈ జరిమానానే రద్దు చేశాయి. మిగతావాళ్లకి ఏం అడ్డం? ఫెలోషిప్ జమయ్యే ఖాతాలనైనా వదిలేయాలి.

కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చి, ముద్ర వేయించుకున్నాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు. ఇవాళ్టికి 19 రోజులు.