ఇంటిలోనే పోయిన నాణెము



సుంకరులతోను పాపులతోను ప్రభువు భుజించుచున్నాడని పరిసయ్యులును శాస్త్రులును సణుగుకొనగా, ఆయన చెప్పిన ఉపమానములు మూడు లూకా సువార్త 15వ అధ్యాయమున నున్నవి. వానిలో నడిమిది ఒక గృహిణి కథ. ఆమెకు గల వెండి నాణెములు పది, అందొకటి పోయెను. ఆ ద్రక్మా ఇంచుమించుగా కూలివాని దినవేతనము.

గొఱ్ఱె మందను విడిచి తప్పిపోయెను; చిన్న కుమారుడు దూరదేశమునకు పోయెను; నాణెము మాత్రము ఇంటిలోనే పోయెను. గొఱ్ఱె అఱవగలదు, కుమారుడు తిరిగి రాగలడు. నాణెమునకు పిలుచుటకు నోరు లేదు. మన యిండ్లలోను అట్టివారు గలరు: అందఱును భుజించిన పిమ్మట ఒంటిగా తినెడి కోడలు, మంచము పట్టిన అత్తగారు, మాటాడుట మానివేసిన బిడ్డ. కన్నులయెదుట నున్నను వారిని మనము పోగొట్టుకొన్నవారమే.

ఆ స్త్రీ దీపము వెలిగించెను. మనకది దేవుని వాక్యము. ఇల్లు ఊడ్చెను, మనము మొదట ఊడ్వవలసినది మన అలక్ష్యమును. దొరకువఱకు వెదకెను, ఒక్కనాటి మంచిమాటతో ఈ పని తీరదు. దొరకిన పిదప చెలికత్తెలను, పొరుగువారిని పిలిచి సంతోషించెను. కావున మనకు దొరకినవారిని పాతమాటలతో దెప్పరాదు.

నేటి సాయంకాల కుటుంబ ప్రార్థనలో ఎవరి గొంతు వినబడలేదో గమనింపుడు. దీపము ఆర్పకమునుపే వారియొద్దకు పోయి కూర్చుండుడు.